దుందుభి కంపెనీ ఆలోచిస్తోంది

సుందర్ రాజ్ ముందు మీరు ఏమైనా అనొచ్చు. అతని బట్టతల గురించి అనొచ్చు. అతను వేసుకునే నీలం కోటుకి ముప్పై ఏళ్ళు నిండాయని అనొచ్చు. ఆఖరికి ఆదివారం చర్చిలో అతను పాట ఎత్తుకుంటే పాస్టరుగారు కళ్ళు మూసుకునేది భక్తితో కాదని కూడా అనొచ్చు. నవ్వేసి మీకు టీ తెప్పిస్తాడు. కానీ దుందుభి రేడియో కంపెనీ పని అయిపోయిందని మాత్రం అనకూడదు. అన్నవాడికి టీ ఉండదు, కుర్చీ ఉండదు, గంటసేపు ఉపన్యాసం మాత్రం ఉంటుంది.

విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర అతని కొట్టు. కొట్టు అంటే అతనికి గిట్టదు. బోర్డు చదవమంటాడు. ‘దుందుభి రేడియో కంపెనీ, బొంబాయి. అధికార సర్వీసు కేంద్రం.’ హార్బరు మీదుగా వచ్చే ఉప్పుగాలికి ఆ అక్షరాలు ఏడాది తిరిగేసరికి పెచ్చులు రాలిపోయేవి. కంపెనీ పుట్టినరోజని ఏటా ఒక తారీకు గుర్తుపెట్టుకుని, ఆ రోజు స్నానం చేసి, నిచ్చెనెక్కి, బోర్డుకి మళ్ళీ రంగు వేసి, వీధిలో అందరికీ బూందీ పంచేవాడు. పెళ్ళిరోజు ఎప్పుడని అడిగితే మాత్రం కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి తిరిగి, “జయమణీ, మన పెళ్ళిరోజు ఎప్పుడే?” అని అరిచేవాడు.

“కంపెనీ పెట్టిన రోజుకి మూడు నెల్ల తరవాత,” అని లోపల్నుంచి జవాబు వచ్చేది. అలా చెప్తే గాని అతనికి గుర్తుండదని ఆ ఇల్లాలికి తెలుసు.

అతని ప్రాణస్నేహితుడు త్రినాథరావు. స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఉద్యోగం, కూర్మన్నపాలెంలో కాపురం. ఇద్దరూ ఐటీఐలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. కులం వేరు, దేవుడు వేరు, అయినా అప్పటినుంచి బావా అంటే బావా. వారానికోసారి వచ్చే సెలవు రోజున త్రినాథరావు ఇంట్లో పనులన్నీ ఎగ్గొట్టి, బస్సెక్కి, ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేవాడు. ఎందుకంటే ఒక్కటే పని. దుందుభి కంపెనీ చచ్చిందా బతికుందా అన్న వాదన ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టడం.

“ఏటి బావా, నీ కంపెనీ నుంచి కబురేటైనా వచ్చిందా?”

“కంపెనీ ఆలోసిస్తంది.”

సుందర్ రాజ్ దగ్గర అన్ని ప్రశ్నలకీ అదే జవాబు. స్పేర్లు రావట్లేదేం? కంపెనీ ఆలోసిస్తంది. కొత్త మోడలు ఏదీ? కంపెనీ ఆలోసిస్తంది. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిపడింది, రేడియో ఎవడు కొంటాడు? “కొనరనీ బావా. ఈలోగా కంపెనీ ఆలోసిస్తాది.”

ఆ మాట అతను పుట్టించింది కాదు. త్రినాథరావు చిన్నప్పుడు వాళ్ళింట్లో పాత వాల్వుల దుందుభి ఉండేది. మీట తిప్పగానే పలికేది కాదు. ముందు లోపల చిన్న దీపం వెలిగేది. తరువాత కాలిన దుమ్ము వాసన కొంచెం వచ్చేది. ఒక నిమిషం పాటు ఇల్లంతా ఊపిరి బిగబట్టి దాని ముందు కూర్చునేది. “ఉండండ్రా, ఆలోసిస్తంది,” అనేవాడు త్రినాథరావు తండ్రి. ఐటీఐ రోజుల్లో సుందర్ రాజ్ ఆ ఇంటికి వచ్చి, ఆ నిమిషం కోసమే ఆ రేడియోని మళ్ళీ మళ్ళీ ఆపి పెట్టేవాడు. పాట వచ్చాక అతనికి పని లేదు. త్రినాథరావుకి ఇప్పటికీ ఆ వాసన తలపుకి వస్తే మనసు ఎక్కడికో పోతుంది. తండ్రి లేడు, రేడియో లేదు, ఆ నిమిషమూ లేదు. స్నేహితుణ్ణి ఎంత వేళాకోళం చేసినా బస్సెక్కి వచ్చేది ఆ నిమిషం కోసమేనని అతనికీ తెలుసు.

ఆలోచించి ఆలోచించి తొంభైమూడులో కంపెనీ ఒక అద్భుతం విడుదల చేసింది. రేడియో, టార్చిలైటు, అలారం గడియారం, మూడూ ఒకే పెట్టెలో. సుందర్ రాజ్ మొదటిది ఇంట్లోకే తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. జయమణి టార్చి వెలిగించగానే అలారం మోగింది. అలారం నొక్కితే వార్తలు మొదలయ్యాయి. వార్తలు ఆపితే టార్చి ఆరిపోయింది. ఆవిడ కొవ్వొత్తి వెలిగించి, ఆ వెలుగులో మొగుడి ముఖం ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“సూసినావా బావా,” అన్నాడు మర్నాడు సుందర్ రాజ్. “ఇప్పటిదాకా ఏ కంపెనీ అయినా ఇలాటిది సేసిందా?”

“ఎందుకు సేత్తాది? ఆళ్ళకేటైనా పిచ్చా?”

“అదే మరి. కొత్తది సెయ్యాలంటే ధైర్యం ఉండాల.”

మరుసటి ఏడు బల్ల ఫ్యానులో అమర్చిన రేడియో వచ్చింది. గాలి కావాలంటే వార్తలు వినాలి, వార్తలు వినాలంటే చలికాలంలో కూడా గాలికి కూర్చోవాలి. ఆ తరువాత కంపెనీ నుంచి ఏ సరుకూ రాలేదు, కొత్త సంవత్సరం క్యాలెండరు మాత్రం వచ్చేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. సుందర్ రాజ్ పాత క్యాలెండరునే గోడకి ఉంచాడు.

“తారీకులు తప్పు కదా బావా?”

“ఈ ఏటి తారీకుల గురించి కూడా కంపెనీ ఆలోసిస్తంది.”

ఇక ఉత్తరాల సంగతి. నెలకొకసారి, మొదటి సోమవారం, కంపెనీ జనరల్ మేనేజరుకి ఒక సలహా రాసి పంపడం సుందర్ రాజ్ వ్రతం. ఫలానా మీట ఎడం పక్కకి మారిస్తే ఎడంచేతివాళ్ళకి సుఖం. ఫలానా పెట్టెకి చీమలు పట్టకుండా కాళ్ళు పెట్టండి. పదేళ్ళు రాశాడు. ఒక్కదానికీ జవాబు లేదు. పోస్టుమేన్ గురునాథరావు సైకిలు బెల్లు సందు మొదట్లో వినబడితే చాలు, సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి, కోటు సర్దుకుని, గుమ్మంలో నిలబడేవాడు. గురునాథరావు పాపం మంచివాడు. ‘లేదు’ అని చెప్పలేక చెప్పలేక, కొన్నాళ్ళకి ఆ సందు తప్పించి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. సుందర్ రాజ్ వీధి చివరిదాకా వెళ్ళి అక్కడ నిలబడేవాడు.

ఇలా ఉండగా జగ్గయ్య వచ్చాడు.

జగ్గయ్యది యారాడ. తాత ముత్తాతల నుంచీ సముద్రం మీద వేటే బతుకు. అతని దగ్గర దుందుభి ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. పడవలో అదీ ఒక మనిషే. మీట గరగరమంటోందని తెచ్చాడు. సుందర్ రాజ్ మీట శుభ్రం చేసి, పాట పెట్టి, పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పక్కకి తిప్పగానే పాట సన్నగిల్లి, పూర్తిగా మూగబోయింది. మరికాస్త తిప్పితే మళ్ళీ వచ్చింది. సుందర్ రాజ్‌కి తల కొట్టేసినట్టయింది. కంపెనీ పేరు పెట్టుకున్న సరుకులో ఇంత లోపమా? రెండు రోజులు తిండి మానేసి, లోపల పొడుగాటి తీగ చుట్టి, ఏ దిక్కుకి తిప్పినా ఒకేలా పాడేటట్టు చేసి, “ఇది కంపెనీ తప్పు, డబ్బులొద్దు” అని ఇచ్చి పంపాడు.

వారం తిరగకుండా జగ్గయ్య ఊగిపోతూ వచ్చాడు. సెలవు రోజు గనక త్రినాథరావు కూడా అక్కడే ఉన్నాడు.

“బాబూ, నా రేడియోకి మునుపు ఒక రోగం ఉండీది. అదేదీ?”

“నయం సేసీసాను జగ్గయ్యా,” అన్నాడు సుందర్ రాజ్, మెచ్చుకోలుకి సిద్ధపడి.

“నిన్నెవుడు నయం సెయ్యమన్నాడు? నా రోగం నాకిచ్చీ!”

సంగతేమిటంటే, ఆ మూగబోవడమే జగ్గయ్యకి దారి. చలికాలం పొద్దున్న పొగమంచు కమ్మితే డాల్ఫిన్స్ నోస్ కొండా కనబడదు, లైటుహౌసూ కనబడదు. అప్పుడతను విశాఖ స్టేషను పెట్టి రేడియోని మెల్లగా తిప్పుతాడు. పాట ఎక్కడ చస్తుందో, అప్పుడు పెట్టె కొస ఊరి వైపు చూపిస్తున్నట్టు. కెరటం ఏ వైపుకి పోతోందో చూసుకుంటే ఏ కొసో తెలిసిపోతుంది. ఆ పక్కకి పడవ తిప్పుతాడు. మొన్న మంచులో అలాగే తిప్పాడు.

“ఎటు తిప్పినా పాటే! తూరుపుకి తిప్పితే పాట, పడమరకి తిప్పితే పాట. పెళ్ళివోరింట్లో మైకునాగ ఆగదే! పొద్దున్న యారాడకి తిప్పిన పడవ బాబూ, మద్దేన్నం మంచు ఇరిగేసరికి భీమిలి కాడ తేలినాది. మా ఇంటిది పోతమ్మ అప్పటికే గంగమ్మకి మొక్కులు మొక్కీసింది. ఆ మొక్కులన్నీ నువ్వు తీరుస్తావా?”

త్రినాథరావు నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నాడు. సుందర్ రాజ్ నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అలా నిలబడిపోయాడు. తరువాత ఆ రేడియోని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

“బావా! దీనిలో దిక్సూచి ఎట్టీసారు బావా కంపెనీవోళ్ళు! ఎవడికీ సెప్పకుండా ఎట్టీసారు!”

“ఆళ్ళకే తెలీదు. చిన్న రేడియోలన్నీ అలాగే సేత్తాయట, మా మిల్లులో ఎలక్ట్రీషియను సెప్పాడు.”

“మిగతావి ఊరికే సేత్తాయి. దుందుభి ఆలోసించి సేత్తాది.”

తీగ విప్పేసి, జగ్గయ్య రోగం జగ్గయ్యకి అప్పజెప్పి, ఆ రాత్రే ఏడు పేజీల ఉత్తరం రాశాడు. బొమ్మలు గీశాడు. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ కోసం ‘దిక్కు చూపే దుందుభి’ తయారు చెయ్యాలి. ఉప్పునీళ్ళు తగలకుండా లోపలంతా మైనం పూత, అంచులకి రబ్బరు, కొసమీద ఎర్ర బాణం గుర్తు. ఇది చేస్తే కంపెనీ మళ్ళీ లేస్తుంది, లేవకపోయినా కొన్ని పడవలు ఇంటికొస్తాయి. అన్ని ఉత్తరాలకీ జవాబు రాకపోయినా పర్వాలేదని, దీనికి మాత్రం రావాలని అతను కోరుకున్నాడు. మొదటిసారి త్రినాథరావుతో పైకి అన్నాడు కూడా. “దీనికి రాకపోతే బావా, నాను తట్టుకోలేను.”

ఏడాది గడిచింది. రెండేళ్ళు గడిచాయి. వీధి చివర నిలబడటం మానలేదు గాని, నిలబడే మనిషి కొంచెం వంగాడు. ఆ రెండేళ్ళూ వేట కూడా పడిపోయింది. ఉప్పుగాలికి రేడియోలు నెలకొకటి పాడవుతుంటే యారాడవాళ్ళు బాగుచేయించుకోవడం మానేశారు. ఒకసారి ఒక పడవ మంచులో తప్పిపోయి మూడో రోజుకి ఇల్లు చేరింది. డబ్బులొద్దు, రేడియోలు పట్టుకురమ్మని సుందర్ రాజ్ జగ్గయ్యకి కబురు పెట్టాడు. జగ్గయ్య రాలేదు. “ఉత్తినే పుచ్చుకుంటే వల ఉత్తినే వత్తాది. మా ఇంట్లో ఆ అలవాటు నేదు,” అని తిరుగు కబురు పంపాడు. “మరి అప్పుడు మీట ఉత్తినే సేయించుకున్నావు కదా?” అంటే, “అది కంపెనీ తప్పన్నావు కదా. కంపెనీ ఇస్తే అది వేరు,” అన్నాడట.

తొంభైతొమ్మిదిలో ఒక రోజు గాజువాకలో రేడియోలు అమ్మే షావుకారు త్రినాథరావుని పిలిచి చెప్పాడు. దుందుభి కంపెనీ ఎప్పుడో మూతపడిందట. ఫ్యాక్టరీ స్థలంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయట.

పదిహేనేళ్ళ వాదన త్రినాథరావు గెలిచేశాడు. గెలిచినవాడు సంతోషంగా బస్సెక్కాలి కదా. కిటికీ పక్కన కూర్చుని, పాత పోస్టాఫీసు వచ్చేవరకూ, ఆ షావుకారు అబద్ధమాడి ఉంటే బాగుండునని దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాడు. దిగేసరికి వీధి చివర సుందర్ రాజ్ నీలం కోటు సర్దుకుంటూ, సైకిలు బెల్లు వినబడే వైపు మెడ చాచి నిలబడి ఉన్నాడు.

“ఏటి బావా, అలాగున్నావు? ఏటైనా కబురా?”

“ఏటీ నేదు,” అన్నాడు త్రినాథరావు. “కంపెనీ... ఆలోసిస్తంది కదా మరి.”

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

ఇంటికెళ్ళాడు గాని నిద్ర పట్టలేదు. మర్నాడు ప్లాంటులో టైపిస్టు ఎల్లారావు కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నాడు. ఎల్లారావు ఇంగ్లీషు గట్టిది. ‘ప్రియమైన సుందర్ రాజ్ గారికి, దిక్కు చూపే రేడియో గురించి మీ సలహా అమోఘం. కంపెనీ ఆమోదిస్తోంది. విశాఖ తీరంలో అమలు చేసే పూర్తి అధికారం మీకు ఇస్తున్నాం. ఇట్లు, జనరల్ మేనేజర్.’ ఇంతవరకూ బాగుంది. అక్కడితో ఊరుకుంటే త్రినాథరావు ఎందుకవుతాడు?

“ఇంకో ముక్క కొట్టు ఎల్లారావ్. మద్దేన్నం భోజనం టయానికి సెయ్యమని.”

“జనరల్ మేనేజరు భోజనం గురించి రాస్తాడేటండీ?”

“మంచి కంపెనీ కదా, రాస్తాది. కళ్ళు కూడా డాక్టరుకి సూపించుకోమను. దీపం కింద చిన్న చిన్న తీగలు అతికిస్తాడు, పాపం.”

ఎల్లారావు తల కొట్టుకుని టైపు కొట్టాడు. ఎల్లారావు బావమరిది బొంబాయిలో ఉన్నాడు. కవరు అక్కడికి వెళ్ళి, అక్కడి ముద్ర వేయించుకుని, పది రోజుల్లో తిరిగి వచ్చింది. గురునాథరావు ఆ రోజు సందు మొదట్లోంచే బెల్లు మోగించుకుంటూ వచ్చాడట.

సెలవు రోజుకి త్రినాథరావు వెళ్ళేసరికి సుందర్ రాజ్ ఆ ఉత్తరాన్ని మూడోసారి వీధికి చదివి వినిపిస్తున్నాడు. చివరి ముక్క దగ్గర ఆగాడు. భోజనం, కళ్ళు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. త్రినాథరావు వైపు కాసేపు చూశాడు.

“కంపెనీ అంటే ఇదీ బావా,” అన్నాడు.

త్రినాథరావు తృప్తిగా టీ తాగాడు. ఆ తృప్తి ఆదివారం వరకే నిలిచింది. ఆదివారం చర్చి అవగానే సుందర్ రాజ్ ఆ ఉత్తరానికి అద్దం కట్టించి, సంకలో పెట్టుకుని, యారాడ కొండ దాటి వెళ్ళాడు. ఇసుకలో నిలబడి ప్రకటించాడు. సముద్రం మీదికి వెళ్ళే ప్రతి దుందుభికీ కంపెనీ జీవితాంతం గ్యారంటీ ఇచ్చింది. పాతవన్నీ తెస్తే కొత్త మోడలుగా మార్చి ఇస్తుంది, అంతా కంపెనీ ఖర్చు. జగ్గయ్య ఆ అద్దాన్ని పట్టుకుని, చదవడం రాకపోయినా సంతకం మీద వేలు పెట్టి చూసి, “కంపెనీయే ఇస్తన్నాదా? అయితే సరే,” అని ముందుగా తన రేడియోనే చేతిలో పెట్టాడు. నలభై రేడియోలు వచ్చాయి.

త్రినాథరావుకి చెమటలు పట్టాయి. లేని కంపెనీ పేరు మీద తాను కొట్టించిన కాగితం పట్టుకుని, ఈ పిచ్చివాడు పొద్దంతా మిక్సీలూ టీవీలూ బాగుచేసి, ఆ సంపాదనతో మైనమూ రబ్బరూ కొని, పొద్దుపోయేదాకా జాలర్ల రేడియోలకి పూతలు పూస్తున్నాడు. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, సైకిలు షాపులో చిరిగిన ట్యూబులు అన్నీ ఆ కొట్లోకే. నిజం చెప్పెయ్యాలి. చెప్తే మనిషి కూలిపోతాడు. చెప్పకపోతే అరిగిపోతాడు.

చెప్పాలని వెళ్ళిన మొదటిసారి జయమణి వంజరం చేపల పులుసు పెట్టింది. పోతమ్మ పంపిందట. ఆ పులుసు తింటూ చెడ్డ కబురు చెప్పడం మనిషి జన్మ ఎత్తినవాడి వల్ల కాదు. రెండోసారి వెళ్తే కొట్టు మూసి ఉంది. తలుపు మీద అట్ట వేలాడుతోంది. ‘జనరల్ మేనేజరు గారి ఆజ్ఞ ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు భోజన విరామం.’ మూడోసారి వెళ్ళేసరికి సుందర్ రాజ్ ముక్కు మీద కొత్త కళ్ళజోడు. “పెద్దాయన రాసాడు కదా అని డాక్టరు దగ్గరికెల్లాను బావా. ఇంకో ఏడాది ఆగుంటే కష్టమే అన్నాడు. పెద్దాయన దేవుడు!” త్రినాథరావు తనకి తానే దేవుడయ్యి ఇంటికి వచ్చేశాడు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

రెండువేల మూడు చలికాలంలో జగ్గయ్య నిండుగా నవ్వుతూ కొట్టుకి వచ్చాడు. త్రినాథరావు అక్కడే ఉన్నాడు.

“బాబూ, పూడిమడకోళ్ళు, ముత్యాలమ్మపాలెమోళ్ళు కూడా అడగతన్నారు. వంద దాకా ఉన్నాయి. కంపెనీ ఒప్పుకుంతాదా?”

“రాస్తాను జగ్గయ్యా. కంపెనీ ఆలోసిస్తాది.”

జగ్గయ్య వెళ్ళగానే త్రినాథరావు లేచి తలుపు దగ్గరికి వేశాడు. వంద రేడియోలు! ఇక ఆగడం పాపం. గోడకున్న అద్దం వైపు వేలు చూపించాడు.

“బావా, కొట్టినా తిట్టినా సరే. ఆ ఉత్తరం కంపెనీ రాయలేదు. నాను రాయించాను. కంపెనీ మూతపడిపోనాది బావా. నాలుగేళ్ళ కితమే పోయింది. నీకు సెప్పలేక...”

సుందర్ రాజ్ సోల్డరింగు కడ్డీ జాగ్రత్తగా పక్కన పెట్టాడు. లేచి, అలమారలోంచి బైబిలు తీశాడు. దాని అట్టలోంచి మడతలు నలిగిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. పైన దుందుభి గుర్తు. కింద రెండే వాక్యాలు. కంపెనీ మూసివేయబడింది, సర్వీసు కేంద్రాలన్నీ రద్దు. తారీకు తొంభైయెనిమిది.

“ఐదేళ్ళు, బావా. నాలుగు కాదు,” అన్నాడు సుందర్ రాజ్.

త్రినాథరావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “నీకు తెలుసా? తెలిసే ఈదిలో నిలబడీవోడివా?”

“ఈ కాగితం వచ్చిన రోజు అన్నం తినలేదు బావా. జయమణికి తప్ప ఎవరికీ సెప్పలేదు. అయినా సైకిలు బెల్లు వినబడితే కాళ్ళు ఆగవు. ఇప్పటికీ ఆగవు. పదేళ్ళు ఎదురుసూసిన కాళ్ళు కదా, కంపెనీ పోయిందంటే వాటికేటి తెలుస్తాది?” నవ్వాడు గాని కళ్ళు నీటిపొరలో ఉన్నాయి. “తరవాత నీ ఉత్తరం వచ్చింది. ఏ జనరల్ మేనేజరు బావా, టయానికి అన్నం తినమని రాసీవోడు? మా అమ్మ పోయాక ఆ మాట నాతో అనీవోళ్ళు ఇద్దరే. ఒకర్తి జయమణి. దానికి ఇంగ్లీషు రాదు.”

“మరి పట్టుకున్నవోడివి నా నెత్తి మీద ఒకటి ఇయ్యక, అద్దం కట్టించావేటి?”

“జగ్గయ్య నా దగ్గర ఉత్తినే సేయించుకోడు. కంపెనీ ఇస్తే పుచ్చుకుంటాడు. కంపెనీయేమో నేదు. ఏటి సెయ్యాలా అని ఏడాది కొట్టుకున్నాను. నువ్వు సంతకంతో సహా పంపించావు.”

లోపల్నుంచి జయమణి గొంతు వినిపించింది. “అన్నయ్యా, మూడుసార్లు సెప్పడానికని వచ్చి సెప్పకుండా ఎల్లిపోయారు. మీ కోసం పులుసు కాసి కాసి నా చేతులు పోయాయి!”

త్రినాథరావు సిగ్గుతో చచ్చి, మళ్ళీ బతికి, ముఖం తుడుచుకున్నాడు. “అయితే ఇన్నేళ్ళ వాదన నాను గెలిచినట్టే కదా? నీ కంపెనీ పోయింది.”

“ఎక్కడ పోయింది? నువ్వు పని అయిపోయిందన్న నాటికి దానికి ఫ్యాను రేడియో తప్ప ఏటీ తట్టలేదు. ఇప్పుడు సూడు. నలభై పడవలు మంచులో ఇంటికొస్తన్నాయి. పోయిన కంపెనీ ఇలాటివి సేత్తాదా?”

అంటూ అలమార అడుగునుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి లాగి త్రినాథరావు ఒళ్ళో పెట్టాడు. నిండా కవర్లు. ఒక్కదానికీ స్టాంపు లేదు. అన్నిటి మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకటే చిరునామా. ‘జనరల్ మేనేజరు గారికి, దుందుభి రేడియో కంపెనీ, కూర్మన్నపాలెం.’

“మొదటి సోమారం వ్రతం మానలేదు బావా. బొంబాయికి పంపడం మానీసాను. నువ్వు నోరిప్పిన రోజున ఇద్దామని దాచాను. ఇంత ఆలస్యం సేస్తావనుకోలేదు.”

నలభై ఎనిమిది ఉత్తరాలు. త్రినాథరావు అన్నిటికన్నా పైనున్నది విప్పాడు. ‘అయ్యా, ఇక ముందు పని పెరిగేలా ఉంది. ఒక్క మనిషి చేతులు చాలవు. వారానికి ఒకరోజు కంపెనీ తరఫున ఎవరినైనా పంపగలరు. రోలింగ్ మిల్లులో పనిచేసిన మొరటు చేతులైనా పర్వాలేదు, నేర్పుకుంటాను. మధ్యాహ్నం భోజనం కేంద్రంలోనే. తమరు భోజనం విషయంలో ఎంత పట్టింపుగలవారో ఎరుగుదును.’

బయట సందులో ఎవరిదో సైకిలు బెల్లు మోగింది. సుందర్ రాజ్ అలవాటుగా కోటు సర్దుకుని సగం లేచి, నాలిక కరుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

“జవాబేటి సార్?” అన్నాడు చేతులు కట్టుకుని.

త్రినాథరావు గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద ఉప్పు పట్టి తెల్లబడ్డ రేడియో ఒకటి తన ముందుకి లాక్కుని, ఏ మరమేకు ముందు విప్పాలో తెలియక దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“కంపెనీ ఆలోసిస్తంది,” అన్నాడు. “ఈలోగా ఆ స్క్రూడ్రైవరు ఇటియ్యి.”